నలభై ఏడు సెకన్లు

చేతులకు నెమ్మది నేర్పడం ఇంత కష్టమని ఆ వారం దాకా రాకెట్టుకు తెలియదు.

రాకెట్టు అనేది ఆమె అసలు పేరు కాదు లెండి. బుద్ధున్న తల్లి ఎవరైనా కన్నకూతురికి అలాంటి పేరు పెడుతుందా! చొక్కాల ఫ్యాక్టరీలో, ఏడో లైన్లో, కాలర్ అతికే మిషను ముందు పదకొండేళ్ళుగా కూర్చుంటోంది. ఆ చేతులు ఆడే తీరు చూసి ఎవరో ఒకరోజు రాకెట్టన్నారు. మర్నాటికి ఫ్లోరంతా అదే పిలుపు. మొదట్లో మూతి ముడుచుకుంది కానీ, నెల తిరిగేసరికి అసలు పేరుతో పిలిస్తే పలకడమే మానేసింది. లోపల్లోపల ఆ పేరంటే ఆమెకు అంత ముద్దు.

ఏడో లైన్లో ముప్ఫై ఎనిమిది మంది ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు కూర్చుంటారు. చొక్కా మొత్తం కుట్టేవాళ్ళు ఒక్కరూ లేరు. ఒకామె జేబు వేస్తుంది, ఒకామె భుజం కలుపుతుంది, ఇంకొకామె పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎడమ మణికట్టు పట్టీ ఒక్కటే కుడుతుంది, కుడి పట్టీ ఎవరు కుడతారో ఆమెకు పట్టదు. రాకెట్టు కాలర్‌ను చొక్కాకు ఒక వైపు అతికి, వెనక్కి చూడకుండానే భుజం మీదుగా విసురుతుంది. అది సరిగ్గా వెనక మిషను బల్ల మీద పడుతుంది. అక్కడ కూర్చునేది ఎవరో కాదు, సాక్షాత్తూ ఆమె వదిన, అన్న భార్య. కాలర్ రెండో వైపు మడిచి మూసి కుట్టడం ఆమె పని. ఆడపడుచు విసరాలి, వదిన అందుకోవాలి, అదీ వాళ్ళ ఉద్యోగం. ఇంట్లో మాత్రం విసిరేది వదినే, మాటలు.

ఇక ఆ పాడు స్టాప్‌వాచ్ సంగతి చెప్పాలి.

కొత్త రకం చొక్కా మొదలైన రోజున ఒక సారు వస్తాడు. మెడలో స్టాప్‌వాచ్, చేతిలో అట్ట, అట్ట మీద కాగితం. ఒక ఆపరేటర్ పక్కన నిలబడి, పది పీసులకు ఎంతసేపు పట్టిందో రాసుకుంటాడు. ఆ లెక్క చూసి గంటకు ఇన్ని అని బోర్డు మీద రాస్తారు. ఆ రకం చొక్కా ఉన్నన్నాళ్ళూ, అంటే మూడు నెలలో నాలుగు నెలలో, లైనంతటి మీదా ఆ అంకెదే పెత్తనం. ఆడవాళ్ళు ఆయనకు సెకన్ల సారు అని పేరు పెట్టుకున్నారు. ఏడో లైన్లో అన్నిటికన్నా మెలికైన పని కాలర్, అందుకని లెక్క అక్కడే తీస్తారు. మూడు నెలల కింద అలాగే వచ్చి రాకెట్టు పక్కన నిలబడ్డాడు.

"మామూలుగా కుట్టండమ్మా, కంగారేం లేదు," అన్నాడు.

మామూలుగా కుట్టమంటే మామూలుగా కుట్టాలా, వద్దా? ఈ మహాతల్లి కుట్టలేదు. ఒక మనిషి మెడలో గడియారం వేసుకుని మరీ తన పనితనం చూడ్డానికి వచ్చాడన్న ఉబ్బు ఆమెకు. సూది ముందు వేలికి అడ్డుగా ఒక చిన్న ఇనుప కమ్మీ ఉంటుంది, దాన్ని గార్డు అంటారు. అది చూపుకు అడ్డమని ఎవరూ దించి ఉంచరు. రాకెట్టు దాన్ని ఇంకాస్త పైకి తోసి, పెదవి బిగించి, కాలు పెడలు మీద వేసింది. కాలర్‌కు ముప్ఫై రెండు సెకన్లు. పదికి పదీ అంతే. సెకన్ల సారు నోరెళ్ళబెట్టాడు. లైను సూపర్‌వైజరు చప్పట్లు కొట్టాడు.

మర్నాడు బోర్డు మీద ఎనభై పోయి నూట పది వచ్చింది. లెక్క ప్రకారం నూట పన్నెండు రావాలట. మనుషులు కదా, అలిసిపోతారని రెండు తగ్గించారట. ఆ దయకు లైనంతా లేచి దండం పెట్టాల్సింది!

రాకెట్టు ఫోటో గేటు పక్క గోడకెక్కింది. కింద "ఈ నెల మేటి ఆపరేటర్" అని రాశారు. వారం రోజులు ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. ఎనిమిదో రోజుకు గానీ తెలిసిరాలేదు, లైన్లో తనతో ఎవరూ మాట్లాడటం లేదని.

మాట్లాడే తీరిక ఎవరికుంది? నూట పది అందుకోవాలంటే తల ఎత్తకూడదు. నీళ్ళు తాగకూడదు, తాగితే బాత్రూంకు వెళ్ళాల్సి వస్తుంది. వెళ్ళాలంటే లైనంతటికీ ఒకటే కార్డు, సూపర్‌వైజరు బల్ల పక్కన మేకుకు వేలాడుతుంది. అది తీసుకుని పరుగున వెళ్ళాలి, పరుగున రావాలి, వచ్చేసరికి బల్ల మీద పీసులు గుట్ట పడి ఉంటాయి. పైగా ఆ సూపర్‌వైజరుకు నోటికొచ్చింది ఒకటే మాట. పొద్దున్న గేటు దగ్గర మొదలుపెట్టి "త్వరగా అమ్మా, త్వరగా, త్వరగా" అంటూ వరసల మధ్య తిరుగుతూనే ఉంటాడు. ఆయన పేరు త్వరగా సారు అని వేరే చెప్పాలా? ఆడవాళ్ళు ఇంటి దగ్గర తాగిన గుక్కెడు నీళ్ళతోనే సాయంత్రం దాకా నెట్టుకొచ్చేవారు.

అందరికన్నా పెద్ద గుట్ట పడింది వదిన బల్ల మీద. పడదా మరి, విసిరేది ఎవరని! ఆమెకు ఆరో నెల. పెళ్ళైన ఏడేళ్ళకు నిలిచిన కడుపు. కూరలో ఉప్పు ఎక్కువైతే గంటసేపు దులిపేసే మనిషి, ఈ సంగతిలో మాత్రం నోరు మెదపలేదు.

ఆదివారం పొద్దున వదినకు ఒళ్ళు కాలిపోయింది, చలితో పళ్ళు టకటకలాడాయి. అన్న లారీ తోలతాడు, పదిహేను రోజులకోసారి ఇంటి గడప తొక్కే మనిషి. రాకెట్టే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ పరీక్ష కాగితాలు చూసి కళ్ళద్దాలు తీసింది.

"రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతున్నావ్?"

"తాగుతానండీ."

"అదే, ఎన్ని?"

"పొద్దున ఇంటి దగ్గర ఒక గుక్కెడండీ."

"నీళ్ళు తాగకుండా, వచ్చింది ఆపుకుని కూర్చుంటే ఇన్ఫెక్షన్ రాక ఇంకేమొస్తుంది? ఈసారికి మందులతో తగ్గుతుంది. మళ్ళీ వస్తే నెలలు నిండకుండానే కాన్పు వచ్చేస్తుంది. అప్పుడు నేనేం చెయ్యలేను. పని మానెయ్యకూడదా?"

"ఇంకో రెండు నెలలు చేస్తేనే కాన్పు సెలవు ఇస్తారండీ. ఇప్పుడు మానేస్తే మళ్ళీ తీసుకోరు."

"అయితే నీళ్ళు తాగు. వెళ్ళాలనిపించినప్పుడు వెళ్ళు. అంతకు మించి మందు లేదు."

ఆ మందు ఏడో లైన్లో ఎక్కడ దొరుకుతుందో డాక్టరమ్మకు తెలియదు పాపం.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. రాకెట్టు అడిగింది. "నాతో ఎందుకు చెప్పలేదు వదినా?"

"ఏం చెప్పను? వస్తూ పోతూ గోడ మీద నీ ఫోటో చూసుకుని మురిసిపోతున్నావు. ఇన్నేళ్ళకు ఒక సంబరం దొరికింది పిల్లకి, నేనెందుకు పాడుచెయ్యాలని ఊరుకున్నా."

తిట్టినా బాగుండేది. రోజుకు వెయ్యి సార్లు వెనక్కి చూడకుండా తను విసిరిందంతా ఎక్కడ పడుతోందో రాకెట్టుకు అప్పుడు కనబడింది. సిగ్గుతో చచ్చిపోయింది.

సోమవారం పొద్దున త్వరగా సారు నవ్వుతూ వచ్చాడు. ఆయన నవ్వితే లైన్లో అందరికీ భయం.

"శనివారం నుంచి కొత్త చొక్కా. పదింటికి సారొస్తాడు, లెక్క తీస్తాడు. కాలర్‌కి నువ్వే. ఈసారి ముప్ఫై లోపు రావాలి, ఏం? వచ్చిందనుకో, ట్రైనర్ పోస్టు నీదే. పెద్దాఫీసులో మాట్లాడేశా. తెల్ల కోటు, వీపు ఆనించుకునే కుర్చీ."

అబద్ధం ఎందుకు, రాకెట్టు గుండె ఒక్క గంతు వేసింది. పదకొండేళ్ళుగా వీపు ఆనని స్టూలు మీద కూర్చున్న మనిషి ముందు కుర్చీ మాట ఎత్తకూడదు. సాయంత్రానికి గుండె దిగింది కానీ, నడుము మాత్రం ఆ కుర్చీనే తలుచుకుంటూ ఉంది.

అయినా నిర్ణయం అయిపోయింది. ఆ సాయంత్రం తామిద్దరూ ఉండే గదిలో అడుగుపెట్టగానే ప్రకటించింది. "శనివారం నేను నెమ్మదిగా కుడతా. కాలర్‌కి నలభై ఐదు సెకన్లు. బోర్డు మీద అంకె దిగాల్సిందే."

వదిన వింతగా చూసింది. అప్పుడే గిన్నె చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ గుండీల పెద్దమ్మ ఫక్కున నవ్వింది. పెద్దమ్మది పక్క గది. ఏడో లైను చివర్లో ఇరవై రెండేళ్ళుగా గుండీలు కుడుతోంది. కళ్ళు మందగించాయి కానీ నాలుక మందగించలేదు.

"నువ్వా? నెమ్మదిగానా? నువ్వు అన్నం తింటుంటే గిన్నెకే ఊపిరాడదు కదే!"

"నేర్చుకుంటా. ఇంకా ఐదు రోజులుంది."

అలా మొదలైంది ఆ గదిలో బడి. రెండు మంచాలు పట్టే గది అది. మిషను ఎక్కడిది? రేకు పెట్టె మీద పాత చొక్కా పరిచి, దాన్నే మిషను అనుకున్నారు. పెద్దమ్మ గోడ గడియారం దింపి ఒళ్ళో పెట్టుకుని సెకన్ల సారు అయింది. మిషను చప్పుడు లేకపోతే చేతులు ఆడవని రాకెట్టు అనేసరికి, వదిన మంచం మీద కూర్చుని నోటితో "ర్ర్ర్ర్" అని మోత మోగించింది. మధ్యలో నవ్వొచ్చి ఆపేస్తే పెద్దమ్మ గదిమేది, లైను ఆగిపోయిందని.

"ముప్ఫై మూడు," అంది పెద్దమ్మ.

"ఇంకోసారి."

"ముప్ఫై మూడు. నీ మొహం."

మంగళవారం ముప్ఫై నాలుగు. బుధవారం పంటి బిగువున నలభై తెచ్చింది, కానీ చూడ్డానికి అది కుట్టులా లేదు, నీళ్ళలో చేతులు ఆడించినట్టుంది. ఒకసారి ముప్ఫై ఆరు, ఒకసారి నలభై నాలుగు, మళ్ళీ ముప్ఫై ఐదు. చేతులు ఆగితే కళ్ళు గడియారం వైపు దొంగచూపులు చూసేవి.

పెద్దమ్మ గడియారం పక్కన పెట్టింది. "ఇది పనికిరాదే. ఇరవై రెండేళ్ళలో ఎంతమందిని చూశాను! కావాలని నెమ్మదిగా కుడితే ఒక పీసుకీ ఇంకో పీసుకీ పొంతన ఉండదు. ఆయన చదువుకున్నదే అది పట్టుకోడానికి. నటిస్తోందని రాసేసి, ఎక్కువైన సెకన్లు లెక్కలో కోసేస్తాడు. లేదంటే ఆరో లైను ఆమెను తెచ్చి కూర్చోబెడతాడు. అప్పుడు నీ ఉద్యోగమూ పోతుంది, అంకే దిగదు."

"వదిలెయ్ పిల్లా," అంది వదిన. "రెండు నెలలే కదా. ఎలాగో ఓర్చుకుంటా."

ఓర్చుకుంటానన్న మనిషి మొహం చూస్తే మందుల వేడికి వాడిపోయి ఉంది. రాకెట్టుకు తన చేతుల మీద తనకే అరికాలి మంట నెత్తికెక్కింది. ముద్దుగా పెంచుకున్న చేతులు, మాట వినకపోతే ఏం చెయ్యాలి?

శుక్రవారం మధ్యాహ్నం మెకానిక్ వచ్చి కొత్త చొక్కాకు మిషను సరిచేశాడు. పోతూ పోతూ పక్కనున్న స్తంభానికి పాత కాగితం తీసి కొత్తది తగిలించాడు. ప్లాస్టిక్ తొడుగులో అచ్చు వేసిన కాగితం. ప్రతి మిషను పక్కనా అలాంటిది ఒకటి ఉంటుంది. బయటి దేశం నుంచి చొక్కాలు కొనేవాళ్ళు చూడ్డానికి వస్తే వాళ్ళకోసం అని అందరి అనుకోలు. పదకొండేళ్ళలో దాన్ని ఒక్కరూ చదివిన పాపాన పోలేదు. దుమ్ము మాత్రం వారానికోసారి తుడిచేవారు.

అన్నం గంట మోగింది. అందరూ డబ్బాలు తీసుకుని లేచారు. రాకెట్టుకు ముద్ద దిగేలా లేదు, అక్కడే కూర్చుండిపోయింది. చూపు ఎక్కడో పెట్టాలి కదా, ఆ కాగితం మీద పెట్టింది. ఊరికే చదవడం మొదలుపెట్టి, మూడో వరస దగ్గర నిటారుగా కూర్చుంది.

కాలర్ అతికే విధానం, పదకొండు మెట్లు. గార్డు దించి ఉందో లేదో ప్రతి పీసుకూ చూసుకోవాలి. కాలర్ మీది గుర్తును చొక్కా మీది గుర్తుతో మూడు చోట్ల కలపాలి. మధ్య గుర్తు దగ్గర మిషను ఆపి, సూది కిందికి దింపి ఉంచి, సరిచూసుకుని మళ్ళీ కుట్టాలి. చివర వెనక్కి మూడు కుట్లు వెయ్యాలి. దారం లాగి తెంపకూడదు, కత్తెరతో కత్తిరించి ముక్కను డబ్బాలో వెయ్యాలి. కుట్టిన కాలర్‌ను తిప్పి లైటు కింద రెండు వైపులా చూడాలి. ఆపైన, ఇది చదివి రాకెట్టు గట్టిగా నవ్వేసింది, పీసును విసరకూడదు, మడత పడకుండా పక్క బల్ల మీద పేర్చాలి.

ఇందులో తను చేసేవి ఎన్ని? వేళ్ళు మడిచి చూసుకుంది. పదకొండింటిలో నాలుగు! అడుగున ఒక సంతకం ఉంది. సంతకం కింద హోదా. రాసింది మరెవరో కాదు, సెకన్ల సారే.

ఆ సాయంత్రం గది దాకా ఆమె నడిచిందా, ఎగిరిందా? మెట్లు రెండేసి ఎక్కింది. పెద్దమ్మను చెయ్యి పట్టి లాక్కొచ్చింది, ఒళ్ళో గడియారం పడేసింది, వదినను మంచం మీద కూర్చోబెట్టింది.

"మోగించు వదినా!"

"ర్ర్ర్ర్," అంది వదిన, సంగతేమిటో అర్థం కాకపోయినా.

పదకొండు మెట్లూ పైకి చెబుతూ చేసింది రాకెట్టు. ఆపుకున్నది లేదు, నటించింది లేదు. చేతులు వాటి దూకుడు మీదే అవి ఉన్నాయి. కత్తెర అందుకోవడం మెరుపు, తిప్పి చూడటం మెరుపు, పేర్చడం మెరుపు.

"ఎంత పెద్దమ్మా?"

పెద్దమ్మ గడియారాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. "నలభై ఏడు."

"మళ్ళీ!"

"నలభై ఏడు."

"మళ్ళీ!"

"నలభై ఏడే! అదేమిటే, రాయి మీద చెక్కినట్టు!"

"అర్థమైందా? నా చేతుల్ని నేనెందుకు ఆపాలి? వాటిని పరిగెత్తనీ. దారే పొడుగైంది!" అంటూ రాకెట్టు వదిన భుజాలు పట్టి ఊపేసింది. ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వుకు పక్క గదివాళ్ళు గోడ తట్టారు. పది గంటలు కొట్టే దాకా ఆ గదిలో కాలర్లు కుడుతూనే ఉండేవారేమో కానీ, వదినే మందు వేసుకుని పడుకుంటానని బడి మూసేసింది.

శనివారం పదింటికి సెకన్ల సారు వచ్చాడు. చేతిలో అదే అట్ట, అదే కాగితం. పక్కనే త్వరగా సారు, కొత్త చొక్కా వేసుకుని మరీ. మిషన్లన్నీ మోగుతున్నాయి కానీ, ముప్ఫై ఏడు మంది చెవులూ ఒక్క మిషను మీదే ఉన్నాయి. సంగతి పొద్దున గేటు దగ్గరే పెద్దమ్మ ద్వారా లైనంతా పాకిపోయింది మరి. మూడు నెలలుగా మొహం చాటేసినవాళ్ళు కూడా ఆరోజు రాకెట్టును చూసి తల ఊపారు.

"మామూలుగా కుట్టండమ్మా, కంగారేం లేదు."

"అలాగే సార్."

టక్కున గడియారం నొక్కాడు. రాకెట్టు గార్డు దించింది. మూడు గుర్తులూ కలిపింది. మధ్యలో ఆగింది, సూది దించింది, చూసింది, కుట్టింది. కత్తెర, దారం, డబ్బా. లైటు కింద ఇటు, అటు. వెనక్కి తిరిగి వదిన బల్ల మీద మడత లేకుండా పేర్చింది. ఇన్నేళ్ళలో వదిన మొహం చూసి పీసు ఇవ్వడం అదే మొదలు.

సెకన్ల సారు గడియారం చూసుకున్నాడు, దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు, మళ్ళీ చూసుకున్నాడు. "ఒంట్లో బాగాలేదా అమ్మా?"

"బ్రహ్మాండంగా ఉంది సార్."

రెండోది నలభై ఏడు. మూడోది నలభై ఆరు. నాలుగోది నలభై ఏడు. త్వరగా సారు మొహం ఎర్రబడి, నల్లబడి, మళ్ళీ ఎర్రబడింది. వంగి చెవి దగ్గర పళ్ళు నూరాడు. "ఏం నాటకం ఇది? త్వరగా! కుర్చీ పోతుంది, చూసుకో!"

కుర్చీ అనేసరికి నడుములో ఒక్కసారి కలుక్కుమంది. ఏమైందో, ఎలా అయిందో, ఐదో పీసు అందుకుంటూ ఉంటే ఎడమ చెయ్యి దానంతట అదే పోయి గార్డును పైకి తోసేసింది. పదకొండేళ్ళ అలవాటు అది, ఒక రాత్రిలో పోతుందా! కాలు పెడలు మీద పడబోయింది. ఒక్క పీసు ముప్ఫై రెండుకు పడితే చాలు, మిగతా తొమ్మిదీ నాటకమని తేలిపోతుంది. కాలు గాల్లోనే ఆపింది. చేత్తో గార్డును కిందికి దించి, పైకే చెప్పింది. "గార్డు మరిచిపోయాను సార్. మొదటి మెట్టు. మళ్ళీ మొదలుపెట్టుకోండి."

సెకన్ల సారు చెయ్యి గడియారం మీదే ఆగిపోయింది. "మొదటి మెట్టు?"

రాకెట్టు గడ్డంతో స్తంభం వైపు చూపించింది. ఆయన కాగితం దగ్గరికి వెళ్ళాడు. చదివాడు. వెనక్కి వచ్చి ఆమె చేతులను చూశాడు. మళ్ళీ వెళ్ళి తన సంతకం చూసుకున్నాడు. ఆయన చెవులు ఎర్రగా అయ్యాయి.

"ఆ కాగితం చూడ్డానికి వచ్చేవాళ్ళకోసం సార్!" అన్నాడు త్వరగా సారు. "ఆ గార్డు ఎత్తించి తీయండి లెక్క. ఈమె కుట్టకపోతే ఆరో లైను ఆమెను పిలుస్తా!"

"ఆమైనా ఈ కాగితం ప్రకారమే కుట్టాలి కదా."

"అది కాదు సార్..."

"గార్డు ఎత్తి కుట్టిన లెక్క మీద నేను సంతకం పెట్టాలా? రేపు ఎవరి వేలైనా సూది కిందికి పోతే సమాధానం మీరు చెబుతారా, నేను చెప్పాలా?" సెకన్ల సారు గొంతు పెంచలేదు. "పోయినసారే చూడాల్సింది నేను. చూడలేదు." ఆ తర్వాత రాకెట్టు వైపు తిరిగి, కాస్త తడబడుతూ అడిగాడు. "నేను రాసింది ఎవరూ చదవరనుకున్నానమ్మా. ఎలా ఉంది?"

"బాగా రాశారు సార్. కాస్త అక్షరాలు పెద్దవైతే పెద్దమ్మలు కూడా చదువుతారు."

లైన్లో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. ఐదో పీసు మళ్ళీ మొదలైంది. ఆరు, ఏడు, ఎనిమిది. త్వరగా సారు నోరు మూతపడి నిలబడటం ఏడో లైను కళ్ళారా చూసింది. తొమ్మిది. పది. సెకన్ల సారు అట్ట మీద గీత గీశాడు. నలభై ఆరు, నలభై ఏడు, ఈ రెండే అంకెలు కాగితం నిండా.

"ఇంత నిలకడ నేనెక్కడా చూడలేదు," అన్నాడు. అది మెచ్చుకోలని రాకెట్టుకు తెలుసు. ఈసారి ఆమె ఉబ్బిపోలేదు. గార్డు చూసుకుని తర్వాతి కాలర్ అందుకుంది.

పదకొండింటికి బోర్డు తుడిచి కొత్త అంకె రాశారు. డెబ్బై ఆరు రావాలి, మనుషులు కదా అని రెండు తగ్గించారు. డెబ్బై నాలుగు. చప్పట్లు కొట్టడానికి వీల్లేదు, కేక వెయ్యడానికి వీల్లేదు. ముప్ఫై ఏడు మంది ఆడవాళ్ళు ఒక్క క్షణం పెడళ్ళ మీద నుంచి కాళ్ళు తీశారు. ఏడో లైను నిశ్శబ్దమైపోయింది. మరుక్షణం మళ్ళీ మోత. ఎవరు చెప్పారు, ఎప్పుడు అనుకున్నారు, ఎవరికీ తెలియదు. రాకెట్టుకు ఏడుపు తన్నుకొచ్చింది.

త్వరగా సారు వచ్చి, ఆ ఫోటో సోమవారానికి తీయించేస్తానన్నాడు. ట్రైనర్ మాట మరిచిపొమ్మన్నాడు. బాధ కలగలేదంటే అది అబద్ధం. కుర్చీ కోసం కాదు, రాకెట్టన్న పేరు కూడా ఫోటోతో పాటే దిగిపోతుందని ఒక్క క్షణం కుములిపోయింది. ఇకమీదట ఆమె రోజుకు ఎన్ని కాలర్లు కుట్టినా గార్డు దించే కుట్టాలి. ముప్ఫై రెండు సెకన్లు ఇక ఎప్పటికీ లేవు. వాటిని మరిచిపోవాలి, లేకపోతే అంకె మళ్ళీ ఎక్కుతుంది.

పదకొండున్నరకు వెనక స్టూలు కిర్రుమంది. వదిన లేచింది. నడుము మీద చెయ్యి వేసుకుని వెళ్ళి మేకు మీది కార్డు తీసుకుంది. రాకెట్టు పని చేస్తూనే కంటి చివర నుంచి చూసింది. వదిన పరిగెత్తలేదు. బల్లల మధ్య నుంచి, ఆరో నెల మనిషి ఎలా నడవాలో అలా, పాదం పాదం వేసుకుంటూ వెళ్ళింది. దారిలో కుళాయి దగ్గర ఆగి నీళ్ళు తాగింది. అలాగే నడుచుకుంటూ తిరిగి వచ్చింది.

తిరిగి వచ్చేసరికి బల్ల మీద ఉన్నవి పదమూడు కాలర్లు. గంట తిరిగేసరికి ఆ పదమూడూ, ఈలోపు వచ్చినవీ అయిపోయాయి. ఆపైన రాకెట్టు లైటు కింద కాలర్ తిప్పి చూస్తూ ఉంటే, వెనక నుంచి బల్ల మీద వేళ్ళతో దరువు వినబడింది. తిరిగి చూసింది. వదిన బల్ల బోసిగా ఉంది. మూడు నెలల్లో ఆ బల్ల చెక్క కనబడటం అదే మొదటిసారి.

"ఏం పిల్లా," అంది వదిన, చెయ్యి చాచి. "నేనిక్కడ ఖాళీగా కూర్చున్నా. ఇంకా కాలేదా నీది?"